కారణం అనే గడిలో

మొదటి రోజు

ఈ పుస్తకం నాది కాదు, స్థిరరూప శాఖది. అట్ట మీద నా పేరు అప్పలకొండ అనీ, జాతి కామరూపి అనీ, వయసు నలభై ఏడు అనీ అచ్చువేసి ఇచ్చారు. లోపల పేజీకి మూడు గడులు: ఏ రూపం, ఎంతసేపు, కారణం. మొదటి రెండూ నా చేతికి తొడిగిన కడియం తనే చూసి ఆఫీసుకు పంపేస్తుందట. మూడోది మాత్రం నేను రాయాలి. గడి బొటనవేలంత ఉంది. అందుకని పేజీ తిప్పి వెనక రాస్తున్నాను. కారణం అడిగిన ప్రభుత్వానికి వినే ఓపిక కూడా ఉండాలి మరి.

ఉదయం ఆరు. నడుం పైన మనిషి, కింద పాము. కారణం: శంకు ఆకలి. నాగుల బిడ్డ. వాళ్ళమ్మ వాసుకమ్మ రేవులో నీళ్ళ అడుగున ఓడలకు పట్టిన గుల్లలు గీకుతుంది. అయిదున్నరకే షిఫ్టు. శంకుకి నలభై మూడేళ్ళు, ఇంకా పాలు మరవలేదు. నాగుల లెక్కలో అది ఆలస్యమేమీ కాదు. తోకకి తోక చుట్టుకుంటే తప్ప నోరు తెరవదు.

ఎనిమిది. పిశాచి. కారణం: తవిటమ్మ ఏడుపు. రెండేళ్ళ పిల్ల. మనిషి చెయ్యి తగిలితే కాలుతుందని దాని భయం. వాళ్ళమ్మ పైడమ్మ మురుగు శాఖలో పని. చచ్చినవాళ్ళు మళ్ళీ చావరు కదా అని ఇప్పుడు మ్యాన్‌హోల్లోకి పిశాచాల్నే దింపుతున్నారు. అంతకుముందు బతికున్నవాళ్ళని దింపేవారు. వాళ్ళలో సగంమంది ఇప్పటి పిశాచాలు. పాత ఉద్యోగులే, కొత్త నియామకాలు.

పది. భేతాళి, ఫ్యాను కొక్కేనికి తలకిందులుగా. కారణం: జోల. ఆ బిడ్డకి నిలబడి పాడితే వినపడదు.

ఇలా పూటకో తల్లినైతే తప్ప నా పిల్లలబడి నడవదు. నేను ఇలా మారకపోతే ఆ తల్లులు పనికి వెళ్ళలేరు. ఇంతకంటే కారణం ఏం కావాలి?

పన్నెండు రోజులిచ్చారు. పన్నెండో రోజు ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు లోపల కడియం ఏ రూపాన్నయితే వరసగా ఏడు గంటలు చూస్తుందో, ఆ రూపానికే తాళం పడుతుంది. మళ్ళీ మారడం ఉండదు. ఏడు గంటలు ఒకే రూపం కనపడకపోతే రేవుపట్నం పొలిమేర దాటించేస్తారు.

రెండవ రోజు

ఆఫీసుకు పిలిచారు. స్థిరరూపాధికారి మణిభద్రరావు గారు యక్షుడు. ప్రశ్న అడక్కుండా ఎవరికీ మంచినీళ్ళయినా ఇవ్వలేడు. మనిషి చెడ్డవాడు కాదు. అబద్ధం రాయడు. తనకిచ్చిన కాగితం మీద ఉన్నదే నిజమనుకుంటాడు, అంతే. ఇలాంటి మంచివాళ్ళ చేతుల్లోనే మనలాంటివాళ్ళు నాశనమైపోతుంటారు.

“నీ సొంత రూపం ఏదమ్మా?”

“అన్నీ సొంతవేనండి. ఏదీ అద్దెకు తెచ్చుకోలేదు.”

“ఒకటే చెప్పాలి.”

“తమరికి ఆఫీసులో ఒక మొహం, ఇంట్లో ఒక మొహం లేవాండి?”

“అవి చట్టం పరిధిలోకి రావు” అన్నాడు, చాలా మర్యాదగా.

నూట నాలుగు ప్రశ్నల ఫారం ఇచ్చాడు. ముప్పై ఏడో ప్రశ్న: స్త్రీ రూపం ఎంచుకుంటే, ఎవరి అనుమతితో? ముప్పై ఎనిమిది: ఆ రూపానికి పెళ్ళి కాకపోతే, ఎందుకు కాలేదు? కింద చిన్న అక్షరాల్లో ఒక గమనిక. పురుష రూపం ఎంచుకున్నవారు ముప్పై ఏడు నుంచి తొంభై దాకా వదిలేయవచ్చు.

యాభై నాలుగు ప్రశ్నలు తప్పుతాయంటే ఎవరికైనా మీసం పెట్టుకోవాలనిపిస్తుంది. నాకూ ఒక నిమిషం అనిపించింది. దాచడం దేనికి?

మూడవ రోజు

ఇంటి యజమానురాలు హంసధ్వని గారు వచ్చారు. గంధర్వ స్త్రీ. ఆవిడ కోపగించుకుంటే చర్మం ఎర్రబడుతుంది, సంతోషిస్తే బంగారు రంగుకు తిరుగుతుంది, పాడేటప్పుడు మనిషే కనపడకుండా పోతుంది. దాన్ని కళ అంటారు. సభల్లో శాలువాలు కప్పుతారు. మేం మారితే మోసం. మాకు కడియాలు.

“ఏమ్మా, నీ తాళం పడ్డాక ఆ పత్రం ఒక నకలు నాకివ్వు. పత్రం లేనివాళ్ళకి ఇల్లు ఇవ్వకూడదని మా సంఘం తీర్మానించింది” అన్నారు, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి.

“అలాగేనండి.”

“ఎలాగూ ఎంచుకుంటున్నావు కదా, కాస్త చూడముచ్చటగా ఉండే రూపం ఎంచుకో. ఎర్రగా, సన్నగా, ముప్పై లోపల. మెట్లెక్కేవాళ్ళకి ఎదురుపడితే బాగుండాలి కదా.”

“పిల్లల్ని ఎత్తుకోవాలండి. నడుం గట్టిగా ఉండాలి.”

“అది నీ ఇష్టమనుకో” అన్నారు. ఆ మాట ఎవరు ఎప్పుడు వాడినా, దానర్థం ఇష్టం మనది కాదని.

ఆవిడ వెళ్ళాక పైడమ్మ లోపలినుంచి వచ్చింది. పని దిగి నేరుగా బిడ్డ దగ్గరికి వచ్చి ఉంది, ఇంకా మురుగు వాసన పోలేదు. ఆ వాసన తగిలితే చాలు, తవిటమ్మ నవ్వుతుంది.

“ఓలప్పా, ఎర్రగా సన్నగా ఉంటే ఆ శంకుని ఎత్తగలవేటి? అది పుట్టెడు బరువుంటాది.”

“ఎత్తకూడదనే ఆవిడ ఆలోచన.”

“ఎత్తడం సూస్తే ఆవిడికి కడుపులో తిప్పుతాది కావాల.”

అయిదవ రోజు

మా తమ్ముడు ఆసిరినాయుడు వచ్చాడు. వాడూ కామరూపే. ఆరునెలల కిందట వాడంతట వాడే వెళ్ళి తాళం వేయించుకున్నాడు. ఇప్పుడు వాడి పేరు ఆర్యవర్ధన్. శాఖవారి ప్రచార కాగితాల మీద వాడి బొమ్మే వేస్తున్నారు: ‘ఒక్క రూపం, ఒక్క మాట, ఒక్క బాట.’ ఆరడుగుల మనిషి, తెల్లటి ఛాయ, కోటు. బస్టాండు ఎదురుగా బట్టల కొట్టు హోర్డింగు మీద ఉండేవాడే, దిగి వచ్చాడు.

గుమ్మంలోంచి పక్కకి పక్కకి జరుగుతూ లోపలికి వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

“ఏరా, పీతలాగ ఆ నడకేటి?”

“అలవాటైపోనాదప్పా.”

“కూకో.”

“ఇలాగ బాగుంది.”

తవిటమ్మ ఊరుకుంటుందా? గోడకీ వాడికీ మధ్య ఉన్న జానెడు సందులోకి తల దూర్చి చూసింది. చూసి, అరిచింది. “అత్తా! ఈ మావకి ఎనకాల నేదు!”

వాడి మొహం మాడిపోయింది. చాలాసేపు బతిమాలితే తిరిగాడు. హోర్డింగు మీద ముందువైపే కదా ఉంటుంది. వాడు చూసింది చూసినట్టు దించుకున్నాడు. వెనకవైపు మెడ నుంచి మడమల దాకా చదునుగా, తెల్లగా, చెక్కపలకలాగ ఉంది. భుజాల దగ్గర రెండు మేకులు కూడా దిగాయి.

మా జాతిలో కాక ఇంకెవరి ఇంట్లోనూ ఇలాంటి తప్పు జరగదు. నవ్వొచ్చింది. నవ్వాను. తర్వాత నవ్వలేకపోయాను.

“పడుకుంటే ఎలాగుంటాదిరా?”

“బల్ల మీద బల్ల ఏసినట్టుంటాది.”

“మరి మళ్ళీ దిద్దుకోలేవా?”

“తాళం పడిపోనాది గదే.” కోటు సర్దుకుని, “అయినా మరియాద ఉందప్పా. ఎక్కడికెల్లినా కుర్సీ ఏస్తన్నారు” అన్నాడు.

వీపు లేనివాడికి కుర్చీ వేస్తారు. వీపు మీద బరువు మోసేవాళ్ళని నిలబెడతారు. ఈ ఊరి మర్యాద ఎప్పటినుంచో ఇలాగే ఉంది, మా వాడు దానికి కొలతలు ఇచ్చి కుట్టించుకున్నాడంతే.

“నువ్వూ ఒకటి సూసుకోయే. పత్రం నేకపోతే తెల్లారి ఎక్కడికి పోతావు?” అంటూ జేబులోంచి ఒక అందమైన ఆడమనిషి బొమ్మ తీసి ఇచ్చాడు. సబ్బు ప్రకటనలోది. అదీ ముందువైపే.

ఆరవ రోజు

సాయంత్రం వీధిలోకి వెళ్ళాను, పిల్లల అంబలికి చోళ్ళు కొనడానికి. మూడేళ్ళ కిందట కొత్త దీపాలు పెట్టినప్పటినుంచీ ఎవరు ఏ జాతో నీడలోనే తెలిసిపోతుంది. నా నీడ కుదురుగా ఉండదు, నీళ్ళ మీద నీడలాగ కదులుతుంది. నా ముందు వెళ్తున్న ఒకావిడ నా నీడ చూసి పిల్లాణ్ణి తన పక్కకి లాక్కుంది. దీపాలు రాకముందు నాలుగేళ్ళు ఆ పిల్లాడు నా ఒళ్ళోనే పెరిగాడు.

దీపాలు పెట్టినప్పుడు చాలామంది మేధావులు చప్పట్లు కొట్టారు. దాపరికం లేని సమాజం అన్నారు. ఎవరి దాపరికమని ఒక్కరూ అడగలేదు.

ఎనిమిదవ రోజు

వాసుకమ్మ సంగతి తేల్చుకోవాలి. నాకు మనిషి రూపానికి తాళం పడితే శంకు నా దగ్గర పాలు తాగదు. అప్పుడు వాసుకమ్మ పగలు ఇంట్లో ఉండాలి, అంటే సాయంత్రం షిఫ్టు కావాలి. ఇద్దరం కలిసి ఆమె కాంట్రాక్టరు దగ్గరికి వెళ్ళాం.

“బిడ్డకి ఎన్నేళ్ళు?” అన్నాడు.

“నలభై మూడు బాబూ.”

“నాకు ముప్పై ఎనిమిదే. నేను ఎప్పుడో మానేశాను పాలు.” పక్కనున్నవాళ్ళు నవ్వారు. “షిఫ్టు మారదు. కష్టమైతే మానుకో, క్యూలో పదిమంది నాగులున్నారు.”

తిరిగి వస్తుంటే వాసుకమ్మ అంది: “మరైతే నాను మానీయాలి వదినా. నాలుగు వందల ఏళ్ళనించి పనిసేస్తన్నాను, ఒక్క రోజు నాగా నేదు.”

“మానకు. ఏదో సేద్దాం.”

“ఏటి సేస్తావు?”

సగం పాము రూపానికే తాళం వేయించుకుంటానంటే తవిటమ్మ, భేతాళి బిడ్డ, మిగతావాళ్ళు? ఒక బిడ్డకి తల్లినైతే మిగిలినవాళ్ళందరికీ కానిదాన్నవుతాను. ఈ చట్టం రాసినవాడు ఎవడోగాని, వాడి ఇంట్లో పిల్లల్ని ఎవరు చూసుకున్నారో వాడికి తెలియదు.

పదవ రోజు

ఎంచుకున్నాను. నల్లటి, లావుపాటి, యాభయ్యేళ్ళ మనిషి. తవిటమ్మ బెదరకుండా పైడమ్మ మోచేతులు, మా అమ్మ నడుము, పాదాలు వెడల్పుగా. వెనకవైపు కూడా పూర్తిగా చేసుకున్నాను, రెండుసార్లు తడిమి చూసుకున్నాను. అందరికీ సరిపోదు, కాని ఎక్కువమందిని ఎత్తుకోగలదు. శంకుకి మాత్రం చోటు లేదు.

అది రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. చాలామంది బాగు కోసం ఒక్కరిని వదిలేయాలని పెద్దవాళ్ళు చెప్పినప్పుడల్లా నేను వాళ్ళతో పోట్లాడేదాన్ని. ఇప్పుడు ఆ మాట నా చేత్తోనే రాశాను.

పన్నెండవ రోజు

ఉదయం ఆరు. యాభయ్యేళ్ళ మనిషి. కడియం మీద పచ్చదీపం వెలిగింది. ఏడు గంటలు, అంటే ఒంటిగంట దాకా కదలకుండా ఈ రూపంలో ఉంటే చాలు. శంకుకి తోలుసంచిలో వేడినీళ్ళు నింపి తోకలాగ చుట్టి పెట్టాను. మొహం తిప్పేసుకుంది.

ఈరోజు పైడమ్మకి సెలవు. మూలన రోలు దగ్గర కూర్చుని చోళ్ళు దంచుతోంది. తవిటమ్మ పక్కనే.

తొమ్మిదిన్నరకి శంకు పాలిపోయింది. ఒళ్ళంతా తెల్లటి పొర. కళ్ళు పాలు పోసినట్టయ్యాయి. మొదటి కుబుసం! నలభై మూడేళ్ళు ఆగి, ఇవాళే.

నాగులకు మొదటి కుబుసం తల్లే తీయాలి. తల నుంచి తోక దాకా గరుకు పొలుసులకేసి బిడ్డని రుద్దుకుంటూ చుట్టలు చుట్టాలి. ఎండేలోగా ఊడకపోతే కంటి మీది పొర అతుక్కుపోతుంది. ఆ బిడ్డ వెయ్యేళ్ళు బతుకుతుంది, వెయ్యేళ్ళూ గుడ్డిగా.

వాసుకమ్మ నీళ్ళ అడుగున ఉంది. నాలుగింటి దాకా పైకి రాదు. పైడమ్మ రేవు గేటు దాకా పరుగెత్తి వచ్చింది.

“కబురు అందించరంటప్పా. పని టైములో అందించరంట.”

తడిగుడ్డతో తుడిచాను. చేతులతో రుద్దాను. మనిషి చేతులు మెత్తన. శంకు పాకుతూ నా మోకాలికి, తలుపుకి, రోలుకి తల రాసుకుంటోంది. నోరు తెరుస్తోంది, శబ్దం రావట్లేదు.

గడియారం చూశాను. పదీ పది. సగం పాము చాలదు. మొత్తం మారాలి.

“పైడమ్మా, ఇప్పుడు మారితే మళ్ళీ ఏడు గంటలు కుదరవు. ఊళ్ళో ఉండనివ్వరు.”

“మారకపోతే?”

ఆమె అడిగింది అంతే. యక్షుడి నూట నాలుగు ప్రశ్నల్లో ఇలాంటిది ఒక్కటీ లేదు.

పదీ పదిహేను. పాము. పూర్తిగా. కారణం: పైన రాశాను.

రెండింటికి మళ్ళీ మనిషినయ్యాను. దాదాపు నాలుగు గంటలు పట్టింది. చివరికి కళ్ళ మీది పొరలు రెండూ చిన్న గాజు బిళ్ళల్లాగ ఊడి నేల మీద పడ్డాయి. శంకు నన్ను చూసింది. తర్వాత కిటికీలోంచి ఎండని చూసింది. దానికి ఎండే ఎక్కువ నచ్చింది. నా ఒళ్ళంతా ఒరుసుకుపోయి పుళ్ళు.

అప్పుడు గుర్తొచ్చింది కడియం. చేతికి లేదు. పాముకి మణికట్టు ఎక్కడిది? మారగానే జారిపోయి ఉంటుంది. శాఖవారు ఎన్నో కొలతలు తీసి చేయించారు గాని, చేతులు లేని పౌరులుంటారని వాళ్ళ ఊహకి రాలేదు.

“కడియం ఏదే?”

పైడమ్మ మూలకి చూపించింది. నవ్వు ఆపుకుంటోంది, ఏడుపు కూడా. గోడకి ఆనించిన రోకలికి తొడిగి ఉంది. రోకలి అడుగున ఇనుప పొన్ను వదులైపోయిందని మేం రోజూ అనుకోవడం విని, తవిటమ్మ కింద దొరికిన కడియం తీసుకెళ్ళి దానికి బిగించేసింది. పచ్చదీపం నిక్షేపంగా వెలుగుతోంది.

“ఎప్పటినుంచి?”

“నువ్వు పామైపోనాక అయిదు నిముసాలకి. ముందు పసుప్పచ్చగా మినుకుమినుకుమంది, ఆనక సర్దుకుంది. రోకలి బాగా నచ్చినట్టుంది దానికి.”

తీసి తొడుక్కుందామని చెయ్యి చాచాను. రెండు నుంచి ఆరు దాకా నాలుగే గంటలు. తొడుక్కుంటే పొలిమేర.

“ఉండనీయే అప్పా” అంది పైడమ్మ. “దానికేటి తొందర? ఎక్కడికీ ఎల్లదు, ఎవులికీ ఎదురు సెప్పదు. ఆళ్ళక్కావలసింది అదే గదా.”

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

నాలుగున్నరకి వాసుకమ్మ వచ్చింది. గుమ్మంలో ఉండగానే శంకు తల ఎత్తి చూసింది. వాసుకమ్మ నేల మీద కుబుసం చూసింది, నా చేతుల మీద పుళ్ళు చూసింది. నా పక్కన కూర్చుని తన ఒంటికున్న ఉప్పు గీకి పుళ్ళకి రాసింది. మండిపోయింది.

అయిదూ ఇరవైకి టక్కుమని చప్పుడయింది. తాళం పడింది.

ఆరింటికి మణిభద్రరావు గారు పత్రం పట్టుకుని స్వయంగా వచ్చాడు. ఊళ్ళో మిగిలిన ఆఖరి కామరూపిని నేనే. నాది అయితే నూటికి నూరు శాతం పూర్తయినట్టు. రేపు పత్రికా ప్రకటన. అద్దాలు సర్దుకుని చదివాడు.

“అప్పలకొండ. ఎత్తు నాలుగడుగులు. ఛాయ చామనఛాయ. బరువు మూడు కిలోలు...” ఆగాడు. “మూడు కిలోలా?”

“బక్కపలచనండి” అంది పైడమ్మ.

ఆయన కడియం ఎక్కడుందో వెతికాడు. చూశాడు. రోకలినీ నన్నూ మార్చి మార్చి చూశాడు. ఆయన మొహంలో మొట్టమొదటిసారి ఒక ప్రశ్న కనపడింది, ఫారంలో లేనిది.

“ఇది... ఇది తప్పు కదా?”

“తప్పని రాయండి” అన్నాను. “కడియం తప్పు చూసిందని రాయండి. అప్పుడు మిగతా రెండు వేల నాలుగు వందల కడియాలు ఏం చూశాయో మళ్ళీ తెరిచి చూడాలి. మా తమ్ముడితో మొదలుపెట్టండి. వాడు సంతోషిస్తాడు.”

ఆయన నూట నాలుగు ప్రశ్నల ఫారం బయటికి తీశాడు. తర్వాత రుమాలు పరుచుకుని రోకలి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

“ముప్పై ఏడో ప్రశ్న. ఎవరి అనుమతితో స్త్రీ రూపం ఎంచుకున్నావు?”

రోకలి మాట్లాడలేదు.

“సిగ్గుపడతన్నాదండి బాబూ. ఆడకూతురు గదా” అంది పైడమ్మ. వాసుకమ్మ తోకతో నోరు మూసుకుంది.

ఆయన తొంభయ్యో ప్రశ్న దాకా అడిగాడు. ఒక్కొక్కదానికీ ఆగి, మర్యాదగా వేచి, జవాబు రానిచోట ఒక గీత గీశాడు. ఆఖరున తన అభిప్రాయం రాశాడు. యక్షుడు కదా, చూసిందే రాస్తాడు. నేను భుజం మీంచి చదివాను: ‘మితభాషిణి. ఎదురు మాట్లాడలేదు. అనవసరంగా కదలలేదు. నడవడిక: ఉత్తమం. ఇతరులకు ఆదర్శం.’ ముద్ర వేసి పత్రం రోకలికి ఆనించి పెట్టాడు. రేపు దాని నకలే హంసధ్వని గారికి ఇస్తాను. పిల్లలబడి ఇకమీదట దాని పేరు మీదే ఉంటుంది. ఓటు కూడా దానిదే. నాకు ఏదీ లేదు, ఈ పుస్తకంలో రాయడానికి కూడా నాకు హక్కు లేదు. నేను రేపు ఉదయం ఆరింటికి సగం పామునవుతాను, ఎనిమిదింటికి పిశాచిని.

లేచి, రుమాలు దులుపుకుని, గుమ్మం దాకా వెళ్ళి ఆయన వెనక్కి తిరిగాడు.

“ఇంతకీ నువ్వెవరమ్మా?”

“ఆవిడ దగ్గర పనిచేస్తానండి.”

ఆయన కలం తీశాడు. ఫారం పైనుంచి కిందిదాకా వెతికాడు. వెనక్కి తిప్పి చూశాడు. పనిచేసేవాళ్ళకి అందులో ఎక్కడా గడి లేదు. కలం జేబులో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.